ఎదురు షిఫ్టు మనిషి

బంగారు గనిలో పనిచేసినన్నాళ్లూ మా నాయన గోపాలప్ప అమ్మను ఎక్కడికి వెళ్లావని అడిగి ఎరుగడు. ఇప్పుడు ఊరిగాంలోని అదే కంపెనీ ఇంట్లో, గడప మీద కూర్చుని, ఆమె కొట్టు నుంచి వచ్చినా అడుగుతున్నాడు.

"యాడికి పోయినావు? వాడు కనబడినాడా?"

వాడంటే పురుషోత్తమ్. గనిలో నాయన పనిచేసిన చోటే ఎదురు షిఫ్టులో ఉండేవాడు. నాయన దిగితే అతను పైకొచ్చేవాడు. అతను చనిపోయి చాలా ఏళ్లయింది. అయినా తను ఇంట్లోకి వెళితే వాడు బయట తిరుగుతాడని నాయన నమ్మకం. అందుకే స్నానానికి లేవడు, లోపల వడ్డిస్తే తినడు. సగానికి సగం చిక్కిపోయాడు.

నేను బెంగళూరులో నాడీకణాల మీద పనిచేసే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తాను. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, కాబట్టి అమ్మకు చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. మెదడులోని కణానికి దెబ్బ తగిలితే కొత్త ప్రొటీన్ల తయారీ ఆపుకుని, చెడినవాటిని బాగు చేసుకుంటుంది. కొంతసేపయితే అది కాపుదల. ఎంతకీ మళ్లీ మొదలుపెట్టకపోతే ఆ ఆపడమే కణాన్ని చంపుతుంది. నాయనకొచ్చిన మతిమరుపులాంటి జబ్బుల్లో అదీ ఒక కారణమంటారని చెప్పాను. అనుమానం జబ్బుది, మనిషిది కాదన్నాను. డాక్టరు రాసిన మాత్రలు చేతికిచ్చాను.

మరుసటి ఆదివారం వచ్చి చూస్తే మాత్రల అట్ట విప్పనే లేదు. అమ్మ తలలో కనకాంబరాలు ఉన్నాయి. ఎప్పుడూ పెట్టుకునేది కాదు. నాకు కోపం వచ్చి, తిండి లేక మనిషి పోతాడమ్మా అన్నాను.

అమ్మ తలలోని పూలు సర్దుకుంది.

"పురుషోత్తమన్న పెండ్లాం రామక్కను కొళాయి కాడికి గూడా ఒంటిగా పోనిచ్చేటోడు కాదు మంజూ. ఆయమ్మ ఏడస్తా చెప్తాంటే నాకు లోపల కుళ్లు పుట్టేది. నలభై ఏండ్లకు మీ నాయన ఇప్పుడు నన్ను కాపలా కాస్తా ఉండాడు. ఇదీ జబ్బేనా?"

"జబ్బేమ్మా," అన్నాను.

ఆమె లేచి మాత్ర నలిపి రాగి గంజిలో కలిపింది. లోపలికి పిలవకుండా గడప దగ్గరే నాయన పక్కన కూర్చుని, గ్లాసు నోటికి అందించింది. వీధి వైపు చూస్తూనే ఆయన మొత్తం తాగేశాడు.

మందు పట్టడానికి ఎన్నాళ్లవుతుందని అమ్మ నన్ను అడిగింది. రెండు మూడు వారాలన్నాను. అంతేనా అంది.

అమ్మ గ్లాసు కడిగి, చెప్పులు వేసుకుంది. వాకిట్లోంచి కాస్త గట్టిగానే చెప్పింది.

"పురుషోత్తమన్న ఇంటికాడికి పోయొస్తా."

నాయన గడప మీద నిటారుగా కూర్చున్నాడు.