సంఘపెద్దకు తేగ

ట్రేలు కడిగిన నీళ్లు కాలవలోకి జారిపోతుంటే, దేవకుమారి పైపు వంచి పట్టుకుని ఆఖరి బోను ముందు ఆగింది. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతులకు రెండు జతల గ్లౌజులు. మాస్కు చాటున చెమట గడ్డం దాకా దిగుతోంది. తాడేపల్లిగూడెం శివార్లలోని ఈ పరిశోధనశాలలో కోతుల గది చూసుకునే పని ఆమెది.

బోనులో కోతికి ఛాతీ మీద నంబరుంది. ఆమె మాత్రం సంఘపెద్ద అంటుంది. ఆదివారం ప్రార్థనలో కానుకల సంచి పట్టుకునే పెద్దాయనలాగే అది కనుబొమలు ముడేసి చూస్తుంది మరి.

"ఏవండీ పెద్దగారూ, ఇవాళా అలకేనా?"

అది లేవలేదు.

గదిలో కోతులన్నిటికీ ఎయిడ్స్‌కు చుట్టంలాంటి జబ్బు ఎక్కించారు. కిటికీ వైపు వరసకు కొత్త మందు ఇస్తారు, ఈ వరసకు ఇవ్వరు. మందు పనిచేసిందని తేలాలంటే ఇవ్వనివీ ఉండాలని డాక్టర్ జ్యోత్స్న మొదట్లోనే చెప్పింది. చాన్నాళ్లు రెండు వరసలకీ తేడా లేదు. సంఘపెద్ద గెంతేది, పక్కబోను వాటిని పళ్లికిలించి బెదిరించేది. ఈ వానలు వెనకబట్టాక చిక్కిపోసాగింది.

సూదికోసం బోను వెనక పలకను ముందుకు లాగి, కోతిని చువ్వలకు అదిమి పట్టడం ఇక్కడి పద్ధతి. ఆ అరుపులు వినలేక, దేవకుమారి డాక్టరమ్మను అడిగి, నిరుటి చలికాలంలో దానికి చెయ్యి బయటపెట్టడం నేర్పింది. సూది అయ్యాక ఉడికిన తాటి తేగ ముక్క. ఇప్పుడు ఒలుచుకునే ఓపిక లేదని, ఇవాళ పీచు తీసి మరీ తెచ్చింది.

పొద్దున ఆ తేగ ఒలుస్తూనే కొడుకుతో మాటామాటా అయింది. ఏలూరు ఆసుపత్రిలో హెచ్‌ఐవీకి ఇచ్చిన బిళ్లల సీసా ఆనంద్ పాల్ ముట్టి వారం దాటింది.

"నాకు బాగానే ఉందిగా అమ్మా! అవేసుకుంటేనే కడుపులో తిప్పుతుంది. కోతులు చాలక నా మీద పడ్డావేంటి?"

డాక్టర్ జ్యోత్స్న వచ్చి కోతిని చాలాసేపు చూసింది. "ఇంక బాధపెట్టొద్దండీ దేవకుమారిగారూ. ఇవాళే నిద్రపుచ్చేద్దాం."

"మందిచ్చి చూడరాదాండీ?"

"చాలా ఆలస్యమైందండీ."

"పోనీ, తేగ?"

"మత్తులో కక్కుకుంటుంది. వద్దండీ."

డాక్టరు పలక లాగబోయేలోగా సంఘపెద్ద దేక్కుంటూ ముందుకొచ్చింది. చువ్వల్లోంచి చెయ్యి చాపింది. సూది దిగుతున్నంతసేపూ దేవకుమారి జేబు వైపే చూసింది. తర్వాత చూడలేదు.

ఇంటికొచ్చేసరికి ఆనంద్ పాల్ చేపల లారీ పనికి తయారవుతున్నాడు. జేబులోని తేగ గూట్లో బిళ్లల సీసా పక్కన ఉంచి, కంచంలో అన్నం పెట్టి, "సంఘపెద్దగారు పోయార్రా," అంది.

"అయ్యో, పేతురు తాతగారా?"

"కాదు నాన్నా, నా కోతి. మందియ్యని వరసలోది." ఇంకో గరిటె పులుసు పోసింది. "నిరుడు దానికీ బాగానే ఉండేది."

అతను పులుసు అన్నంలో కలుపుకున్నాడు. బయట లారీ హారను మోగింది. చెయ్యి కడుక్కుని, గూటి దగ్గర ఒక్క నిమిషం నిలబడి, వెళ్లిపోయాడు.

కంచం తీశాక దేవకుమారి గూట్లోకి చూసింది. బిళ్లల సీసా లేదు. దాని పక్కన తాను పెట్టిన తేగ మాత్రం, ఒలిచింది ఒలిచినట్టే, గాలికి కొసలు ఎండుతూ ఉంది.