పిల్లకో జానెడు

పొద్దున్న తొమ్మిదయ్యేసరికి నేరేడులంకలో పనులన్నీ ఒక వరసలో జరిగిపోయేవి. పాలక్యాన్లు వ్యానెక్కేవి. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే పనికెళ్లే ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని ఆటో కోసం నిలబడేవారు. పంచాయితీ ప్రెసిడెంటు ధర్మరాజుగారు అరుగు మీద రెండో కాఫీ తాగుతూ, దారినపోయేవాళ్లందర్నీ "టిఫినైందా?" అని అడిగేవారు. అయిందన్నా ఊరుకునేవారా? ఏం తిన్నారో, అందులోకి పచ్చడేవిటో కూడా చెప్పించుకునేవారు. సరిగ్గా ఆ వేళకే బాలబడి టీచరు జ్ఞానమ్మ చేత్తో గొడుగు, చంకలో హాజరుపట్టీతో వచ్చి, ఆయన ఇంటి ఎదురుగా ఉన్న పెంకుటికొట్టు తాళం తీసేది.

ఆ కొట్టు ఒకప్పుడు ధర్మరాజుగారి నాన్నగారు కొబ్బరికాయలు పోసుకున్నది. ఖాళీగా ఉంటే తొమ్మిదడుగులకి ఎనిమిది అడుగులు, అంతే. పిల్లలు లోపలికి వస్తున్నకొద్దీ పెద్దదయ్యేది. ఒక పిల్ల వస్తే తూర్పుగోడ జానెడు జరిగేది, ఇంకో పిల్ల వస్తే దక్షిణపు గోడ జానెడు జరిగేది. పైన పెంకులు వాటంతటవే సర్దుకునేవి. ముప్ఫై మందీ వచ్చి కూర్చున్నాక చూడాలీ, పెళ్లిభోజనాలు పెట్టొచ్చు. పిల్లలు వెళ్లిపోయేక మళ్లీ ఒక్కో జానే మెల్లిగా తగ్గేది. పెద్దవాళ్లు వందమంది దూరినా మాత్రం అంగుళం కదిలేది కాదు. అయిదేళ్లు నిండిన పిల్లల్నీ లెక్కలోకి తీసుకునేది కాదు. కొట్టు వెనక ఇంటివాళ్లు అందుకని ఆ జాగాలో గేదెని ఆదివారాలే కట్టుకునేవారు. మిగతా రోజుల్లో పన్నెండు దాటేక కట్టేవారు. పన్నెండుకి బాలబడి వదిలేసేవారు కదా మరి.

ఆ పన్నెండు గంటలూ, చేర్చుకునే వయసూ కొండయ్య ఇంట్లో పెద్ద ఇబ్బందైపోయేయి. కొండయ్య కొబ్బరి దింపుకార్మికుడు. చెట్టెక్కితే గంటకో తోట దింపేసేవాడు. పెళ్లాం ఆటోలో అంబాజీపేట పోయేది. ఇంట్లో ఏణ్ణర్ధం పిల్లాడు. వాణ్ణి బాలబడిలో చేర్చుకోరు, మూడేళ్లు నిండాలి. కాబట్టి వాడు ఎప్పుడూ అక్క వీరలక్ష్మి చంకలోనే ఉండేవాడు. పదేళ్లది, అయిదో తరగతి. తమ్ముణ్ణి ఎత్తుకుని రోజు విడిచి రోజు బడికెళ్లేది. వెళ్లిన రోజున లెక్కలన్నీ ముందు తనే చేసేసేదని మేష్టారు చెప్పుకునేవారు. ఆరో తరగతికి హైస్కూలుకి పోవాలి. అక్కడ చంటిపిల్లాణ్ణి ఎత్తుకొస్తే ఊరుకోరు.

అది తొంభయ్యారో సంవత్సరం. మండలానికి ఒక్క ఊరికి పెద్ద బాలబడి ఇస్తామని సర్కారు కాగితం వచ్చింది. ఇద్దరు టీచర్లు, ఆయా, పాలు, గుడ్డు, బొమ్మలు, పిల్లలు పడుకోడానికి బొంతలు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఏడాది నిండిన పిల్లల దగ్గర్నుంచీ చేర్చుకుంటారు, సాయంత్రం అయిదు దాకా ఉంచుతారు. ఖర్చంతా సర్కారుదే. ఊరు చూపించాల్సింది ఒక్కటే, మూడువందల చదరపుటడుగుల గది. ఆఫీసరుగారు స్వయంగా వచ్చి కొలుస్తారు.

కాగితం చదివిన రోజున కొండయ్య చెట్టు దిగి, నడుముకి మోకు అలాగే ఉండగా అరుగు దగ్గరికొచ్చేడు.

"అయిదు దాకా ఉంచుతారంటండి?"

"ఆయ్, ఉంచుతారు."

"మా చంటోణ్ణి కూడానా అండి?"

"ఏడాది నిండిందిగా. ఆయ్."

"అయితే మా వీరలచ్చిమి హైస్కూలుకెళ్లిపోద్దండి," అన్నాడు కొండయ్య, ఆ పిల్ల అప్పుడే వెళ్లిపోయినట్టు రోడ్డుకేసి చూస్తూ. "టీచరమ్మ అవుద్దంటండి. నిన్న మా మేకపిల్లకి గుణింతాలు చెప్తాంది."

"మేక చెప్పిందా?"

"మేక మ-గుణింతంలో 'మే' ఒక్కటీ చెప్పిందండి."

ధర్మరాజుగారు అరగంట నవ్వేరు. ఆయన మంచివారే, అందులో ఎవరూ వంక పెట్టలేరు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఇంటికొచ్చినవాడు ఆకలితో వెనక్కి పోతే ఆయనకి ఆ రోజు నిద్రపట్టదు. గోదావరి నీళ్ల గుణం అనుకోండి.

ఆ సంగతి తెలిసే, ఆఫీసరు వచ్చే ముందురోజు జ్ఞానమ్మ ఆయన్ని హెచ్చరించింది.

"ప్రెసిడెంటుగారండీ, ఒక్కమాటండి. ఆయన రాగానే పిల్లలు లోపలుండగా టేపు పెట్టించేయండి. తరవాతే మీ మర్యాదలు."

"అమ్మాయ్ జ్ఞానమ్మా, నాకు చెబుతున్నావా? ఈ ఊరికి కరెంటు తెచ్చినవాణ్ణి."

"కరెంటు వేరండి, పిల్లలు వేరండి. కరెంటు స్తంభాలు చెల్లాచెదురుగా పరిగెత్తవండి."

"ఆయ్, అలాగేనమ్మా. ముందు టేపు. ఒట్టు."

పదింటికి రావాల్సిన జీపు పన్నెండుంపావుకి వచ్చింది. జ్ఞానమ్మ పిల్లల్ని వదలకుండా లోపలే కూర్చోబెట్టి ఉంచింది. దిగిన ఆఫీసరు ప్రభాకరరావుగారు సన్నగా, మొహం వాడిపోయి, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉన్నారు. పొద్దుటినుంచి రెండూళ్లు తిరిగేరట, ఎక్కడా మంచినీళ్లు తప్ప ముట్టలేదట. ఆ మాట ధర్మరాజుగారి చెవిన పడనే పడింది. ఇంకేముంది.

"ముందు భోజనానికి లేవండి."

"వద్దండి. డ్యూటీలో ఉండగా ఎవరింట్లోనూ చెయ్యి కడగను. అది నా నియమం. కొలిచేసి వెళ్లిపోతాను."

లోపల ధర్మరాజుగారి భార్య మంగాయమ్మగారు తెల్లారుఝామున లేచి పనసపొట్టు కూర, చింతచిగురు రొయ్యలు, పెరుగావడలు చేసి ఉంచేరు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించేరు. ధర్మరాజుగారు ఒక్క క్షణం ఆలోచించి, పకపకా నవ్వి, తొడ మీద చరుచుకున్నారు.

"మా ఇంట్లో కాదండి! బాలబడిలో వడ్డిస్తాం. అది సర్కారుదే కదండీ. సర్కారువారు సర్కారు గదిలో తింటే నియమానికి లోటేవుంది?"

ప్రభాకరరావుగారు ఆలోచించేరు. పాపం ఆకలేసినవాడికి ఆ మాటలో తప్పేం దొరుకుతుంది?

"ప్రెసిడెంటుగారండీ!" అంది జ్ఞానమ్మ గుమ్మంలోంచి. "ఒట్టేసేరండి."

"పది నిమిషాలమ్మా. పిల్లల మధ్య విస్తరేస్తే చూస్తూ ఉంటారు, ఆయనకి దిష్టి. వాళ్లని మా అరుగు మీద కూర్చోబెట్టు, తలో పూతరేకూ పెడతారు."

ముప్ఫైమంది పిల్లలు రోడ్డు దాటి అరుగెక్కేరు. గదిలో రెండు అరిటాకులేసేరు, ఒకటి ఆఫీసరుగారికి, ఒకటి తోడుగా ధర్మరాజుగారికి. ఒంటిగా తింటే అతిథి మొహమాటపడతాడని ఆయన ఎవర్నీ ఒంటిగా తిననిచ్చేవారు కాదు. మొదట ఆ చివరొకరు, ఈ చివరొకరు దర్జాగా కూర్చున్నారు. మాట వినిపించడానికి కేకలేసుకోవాల్సొచ్చింది. పప్పు అయ్యేసరికి మామూలుగా మాట్లాడుకుంటున్నారు. రొయ్యల దగ్గరికొచ్చేసరికి ఒకరి ఆకు కొస ఇంకొకరి ఆకుని తాకింది.

"కాస్త జరుగుతారాండి?" అన్నారు ప్రభాకరరావుగారు.

"ఆయ్, ఎక్కడికండి? వెనక గోడుంది."

"అవునవును, నా వెనకా ఉంది. మీ ఆవిడగారి చేతి చింతచిగురు... అబ్బ, ఏవండీ ఇది!"

అరుగు మీద నుంచి జ్ఞానమ్మకి పెంకులు ఒకదాని కింద ఒకటి దూరిపోతుండడం కనిపిస్తూనే ఉంది. పరిగెత్తుకొచ్చింది. "ప్రెసిడెంటుగారండీ, ఇక లేవండి, పిల్లల్ని తీసుకొచ్చేస్తాను."

"ఒక్క పెరుగావడ తిననివ్వమ్మా. ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపుతావా?"

ఆ ఒక్క పెరుగావడా మూడైంది. మజ్జిగన్నంలోకి మాగాయ కావాల్సొచ్చింది. అప్పటికి ఒంటిగంటైంది. పన్నెండు దాటితే పిల్లల్ని తీసుకుపోవడం తల్లులకీ, నాయనమ్మలకీ అలవాటు. టీచరు కొట్టు గుమ్మంలో బతిమాలుతుండగా ఇవతల అరుగు మీద నుంచి ఎవరి పిల్లని వాళ్లు ఎత్తుకుపోయేరు. ప్రభాకరరావుగారు చెయ్యి కడుక్కుని, తేన్చి, సంచీలోంచి టేపు తీసేసరికి గది తొమ్మిదడుగులకి ఎనిమిది ఉంది.

ధర్మరాజుగారు తువ్వాలు భుజాన పడేసుకుని, ఆ వయసులో, వీధంతా పరిగెత్తేరు. "పిల్లల్ని తెండర్రా! పిల్లల్ని తెండి!" పొలం గట్ల మీదికెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోయేరు. నిద్రపోయినవాళ్లు నిద్రపోయేరు. ఆరుగురు దొరికేరు. వీరలక్ష్మి తమ్ముణ్ణెత్తుకుని రొప్పుతూ వచ్చి వాణ్ణి ఏడోవాణ్ణి చేసింది. ఏడుగురితో గది పన్నెండడుగులకి పదింపావు అయింది. మూడింటికల్లా ఆఫీసరుగారు కాలవ అవతలి ఊళ్లో ఉండాలి.

"నాకు తెలుసండి, పొద్దున్నొస్తే ఇది మూడొందలు దాటేది," అన్నారు ప్రభాకరరావుగారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. "మీ ఇంటి భోజనం నా జన్మలో మర్చిపోను. కానీ టేపు ఎంత చూపిస్తే అంతే రాయాలి కదండీ."

"ఆయ్," అన్నారు ధర్మరాజుగారు.

పెద్ద బాలబడి కాలవ అవతలి ఊరికి పోయింది. అక్కడ ఆఫీసరుగారికి గ్లాసుడు మంచినీళ్లిచ్చి గది చూపించేరట.

జూన్‌లో హైస్కూలు తెరిచేరు. వీరలక్ష్మి వెళ్లలేదు. ధర్మరాజుగారు కొండయ్య ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడ్డారు.

"పిల్లని బడికి పంపరా."

"పంపుతానండి. చంటోణ్ణెవరు చూస్తారండి? మీరు చూస్తారా?" కొండయ్య వెటకారానికి అనలేదు, అడిగేడంతే.

"చూస్తాను. రేపట్నించి మా ఇంట్లో దింపమను."

నాలుగు రోజులు చూసేరు. నిజంగానే చూసేరు. ఉగ్గు పెట్టేరు, ఉయ్యాల ఊపేరు, గుడ్డలు కూడా మార్చేరు. నాలుగు రోజులూ వీరలక్ష్మి రెండు జడలేసుకుని హైస్కూలుకెళ్లింది. అయిదోనాడు మండపేట నుంచి రైసుమిల్లు బంధువులు దిగేరు. ఇంటినిండా జనం, పొయ్యి మీద నాలుగు గిన్నెలు, మంగాయమ్మగారికి మోకాళ్ల నొప్పులు. గుమ్మంలో తమ్ముడితో నిలబడ్డ పిల్లతో ధర్మరాజుగారు, "ఇవాళ్టికి నువ్వే చూసుకో తల్లీ," అన్నారు.

"అలాగేనండి," అని వెళ్లిపోయింది వీరలక్ష్మి.

ఆ ఇవాళ అలా సాగుతూనే ఉండిపోయింది. రేపు తీసుకురా అని చెప్పడానికి ఆయనకి మొదట తీరిక లేకపోయింది, తరవాత మొహం చెల్లలేదు. ఆ పిల్ల ఎదురొస్తే టిఫినైందా అని అడగడం కూడా మానేసేరు. ఊళ్లో ఆయన అడగని మనిషి ఆ పిల్లొక్కతే.

ఏళ్లు గడిచిపోయేయి. పసుప్పచ్చ కాన్వెంటు ఆటోలు రావడం మొదలయ్యేయి. ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు టై కట్టుకుని అంబాజీపేట పోయేరు. కొట్టు ఏడాదికి నాలుగైదు జానలు తగ్గిపోతూ వచ్చింది. వెనక ఇంటివాళ్లు గేదెకి పాక వేసేసుకున్నారు. ధర్మరాజుగారు రెండుసార్లు ఎన్నికల్లో ఓడిపోయినా జనం ప్రెసిడెంటుగారనే పిలిచేవారు. రెండువేల ఎనిమిదిలో, ముగ్గురు పిల్లలు మిగిలేక, ఈ బాలబడి మూసేసి కాలవ అవతలిదాంట్లో కలిపేస్తున్నామని కాగితం వచ్చింది.

మూసేసే రోజు పొద్దున్న జ్ఞానమ్మ ముగ్గురు పిల్లల్నీ తల్లులకి అప్పగించింది. పలకలూ, అరిగిపోయిన బొమ్మలూ గోనెసంచీలో పెట్టింది. గది మూడు జానలూ తగ్గి పాత కొట్టైపోయింది. ధర్మరాజుగారు తాళంకప్ప పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డారు.

అప్పుడొచ్చింది వీరలక్ష్మి. ఇరవైరెండేళ్లది. పెళ్లై ఏడాది, మొగుడు కొబ్బరి లారీ మీద పోతాడు. కొత్త చీర కట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చింది.

"వీసా వచ్చిందండి టీచరుగారూ. కువైట్లో ఒక ఇంట్లో ఇద్దరు పిల్లల్ని చూసుకోవడమంటండి. రెండేళ్లు. ఎల్లుండి మెడికల్, పైవారం ప్రయాణం. మీకు చెప్పి వెళ్దామని."

"ఆయా పనా తల్లీ?"

"ఆయ్. అది బాగా వచ్చు కదండీ నాకు," అని నవ్వింది. "టీచరు పనికి పదో తరగతుండాలంట. దీనికి అక్కర్లేదంటండి."

ధర్మరాజుగారు నేల చూపులు చూసేరు.

వీరలక్ష్మి జ్ఞానమ్మ కాళ్లకి దణ్ణం పెట్టడానికి గడప దాటి లోపలికొచ్చింది. పైన పెంకులు గలగలమన్నాయి. తూర్పుగోడ జానెడు జరిగి ఆగింది.

జ్ఞానమ్మ ముందు గోనెసంచీ వెనక చూసింది, బీరువా పక్కన చూసింది, ఏ పిల్లైనా ఉండిపోయిందేమోనని. ఎవరూ లేరు. అప్పుడు వీరలక్ష్మికేసి చూసింది. వీరలక్ష్మి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. ఒకసారి పెట్టి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. లెక్కల్లో ఆ పిల్ల ఎప్పుడూ తప్పేది కాదు.

"మెడికల్లో తీసేస్తారండి," అంది మెల్లిగా.

ఇలాంటి వార్త వింటే ధర్మరాజుగారు వీధి వీధంతా పంచదార పంచే మనిషి. తాళంకప్ప ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. వీరలక్ష్మి కింద చతికిలబడి, కవరు ఒళ్లో పెట్టుకుని, జరిగిన గోడకేసి చూస్తూ ఉండిపోయింది. సంతోషమో దిగులో ఆ మొహంలో తెలియలేదు. బహుశా ఆ పిల్లకీ తెలిసుండదు.

తరవాత ఆయనకేసి తిరిగి అడిగింది. "ప్రెసిడెంటుగారండీ, కాలవ అవతలి బాలబడి ఎంత దూరమండి?"

"మైలున్నర తల్లీ."

"పిల్లనెత్తుకుని నడిస్తే?"

ఎత్తుకుని నడిస్తే ఎంతసేపో ఆ పిల్లకే తెలుసు.

"అరగంట," అని తనే చెప్పుకుంది వీరలక్ష్మి. నేల మీద చెయ్యి ఆనించి లేచి, గడప దాటి బయటికొచ్చింది. వెనకాల గోడ చప్పుడు లేకుండా జానెడు వెనక్కొచ్చేసింది.