నలుగురు కాపలావాళ్ళు

మా కలప అడితి ఉన్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. అటుగా వెళ్ళినప్పుడల్లా కోసిన చెక్క వాసన తగులుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను.

ఆ అడితికి కాపలా కాసింది మనుషులు కాదు, నాలుగు పెద్ద బాతులు. కుక్కయితే రొట్టెముక్క విసిరినవాడి వెంట పోతుంది. ఇవి మాత్రం గేటు మీద ఎవరు చెయ్యి వేసినా వీధి దద్దరిల్లేలా అరిచేవి. అవి వచ్చాక ఒక్క దూలం కూడా పోలేదు. పొట్టిది, కుంటిది, గయ్యాళి, దొరసాని అని నేనే పేర్లు పెట్టుకున్నాను.

లెక్కలు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, రాసేవారు. కాపలావాళ్ళ జీతాలకు పన్ను మినహాయింపు ఉందని ఆయనకు తెలుసు. బాతుల దాణాకు ఉందో లేదో తెలియదు. ఎవరినైనా అడగొచ్చు కదా, అడగలేదు. దాణా ఖర్చునే నాలుగు జీతాలుగా విడగొట్టి నాలుగు ఓచర్లు రాశారు. పేర్లేమిటని అడిగితే నేను చెప్పాను. దాణా డబ్బు అందుకునేది నేనే కాబట్టి నాలుగింటి మీదా నా చేతే వేలిముద్ర వేయించారు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. వెయ్యమన్న చోటల్లా వేశాను.

ఏడాది తిరక్కుండా పన్నుల ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. రంపపు పొట్టు పడిన కుర్చీని జేబురుమాలుతో దులుపుకుని కూర్చున్నాడు.

"నలుగురు కాపలావాళ్ళు. నలుగురికీ ఒకటే బొటనవేలు. ఇదెలాగండీ?"

మా ఆయన బావగారి వంక చూశారు. బావగారు పైకప్పు వంక చూశారు.

"దొంగ జీతాలని తేలితే అడితి లైసెన్సు పోతుంది, తెలుసుగా? పిలవండి, ఈ దొరసాని ఎవరో చూస్తాను."

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఏళ్ళు ఆ అడితిని భుజాన మోసిన మనిషి. నేనిక ఆగలేకపోయాను.

"పిలవడమెందుకు బాబూ, మీరే రండి. వెనక దూలాల దగ్గరున్నారు."

"ఏమే, నువ్వు ఊరుకో!" అన్నారు మా ఆయన. అప్పటికే ఆఫీసరు లేచాడు.

వెనక వైపుకి వెళ్ళామో లేదో నాలుగూ రెక్కలు విప్పుకుని మీదికొచ్చాయి. దొరసాని మెడ చాచి ఆయన ప్యాంటు పట్టుకుంది. ఆఫీసరు ఫైలుతో సహా పలకల దొంతి ఎక్కేశాడు.

"ఇవా కాపలావాళ్ళు!"

"అవును బాబూ. జీతం గింజలే. వాటికి వేళ్ళు లేవని నేను వేశాను."

ఆయన నవ్వలేదు కానీ, నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు దగ్గాడు. ఆ దొంతి మీదే కూర్చుని ఫైలు తెరిచాడు.

"కాపలాకు పెంచితే దాణా ఖర్చు చూపించుకోవచ్చు" అన్నాడు బావగారితో. "చట్టంలో దారి ఉన్నంత మేరా పన్ను తగ్గించుకోండి, ప్రభుత్వం ఏమీ అనదు. లేని మనుషుల్ని పుట్టిస్తే మాత్రం ఊరుకోదు." జీతాలన్న మాట కొట్టేసి దాణా అని రాశాడు. తప్పుడు ఓచర్లకు చిన్న జరిమానా వేశాడు. లైసెన్సు జోలికి పోలేదు.

నాకు సంతోషం పట్టలేదు. "గుడ్లు కూడా పెడతాయి బాబూ! బజార్లో మంచి ధర పలుకుతాయి!"

రాస్తున్న కలం ఆగింది. "అమ్ముతారా? అయితే అది ఆదాయం." అదీ రాసుకున్నాడు.

మా ఆయన తల పట్టుకున్నారు. మెల్లగా అడిగారు. "అమ్మకుండా తినేస్తేనో సార్?"

"తినేస్తే నాకేం సంబంధం? ముందు ఈ బాతుల్ని పట్టుకోండి మహానుభావా, నేను దిగాలి."

ఆ తర్వాత ఒక్క గుడ్డూ బజారుకు పోలేదు. గుడ్డు వాసనకే ముక్కు మూసుకునే మా ఆయన పొద్దున్నే పీట వేసుకుని కూర్చుని, గుప్పిట పట్టనంత గుడ్డును కళ్ళు మూసుకుని మింగేవారు.

"ఎందుకండీ ఈ అవస్థ? అమ్మేద్దాం" అంటే ఒప్పుకునేవారు కాదు.

"మాట్లాడకుండా పెట్టవే. ఇది ప్రభుత్వం చూపించిన దారి. అన్నయ్యకు రెండు వెయ్యి."

బావగారు కిక్కురుమనకుండా రెండూ తినేవారు.