స్పీకరు మరలకు కట్టిన హెడ్‌ఫోన్

విజయ వినికిడి ఒక్క రోజులో తగ్గింది కాదు. పెళ్లికి ముందు ఆమె సిరిసిల్లలో సాంచల కార్ఖానాలో నూలు కండెలు చుట్టేది. మరమగ్గాలను అక్కడ సాంచలనే అంటారు. పొద్దంతా ఆ టకటకల మధ్య కూర్చున్న చెవులు నలభై దాటేసరికి మొరాయించాయి. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే మాట అందుతుంది. వెనక నుంచి పిలిస్తే అందదు.

ఆమె భర్త దేవదాస్‌ది కోరుట్లలో మైకుసెట్టు పని. పెళ్లిళ్లకూ ప్రార్థన కూడికలకూ ఆంప్లిఫయరు, స్పీకరు డబ్బాలు కిరాయికిస్తాడు. బిడ్డ స్రవంతి జగిత్యాలలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల చర్చిలో పాడిన పాట దేవదాస్ ఫోన్లో ఉంది. వాడకట్టంతా విని మెచ్చుకుంది. కన్నతల్లికి మాత్రం అందలేదు.

"గాలి ఊదినట్టున్నది గని, మాట తెలుస్తలేదయ్యా" అంది విజయ, ఫోన్ తిరిగి ఇస్తూ.

ఊరందరికీ వినిపించేవాడు ఇంట్లో మనిషికి వినిపించలేకపోయాడే అని దేవదాస్ మనసు చివుక్కుమంది. ఓ మధ్యాహ్నం పని లేక ఇంట్లో ఉన్నప్పుడు సామాన్ల గదిలోంచి పాత హెడ్‌ఫోన్ ఒకటి బయటికి తీశాడు. చెవులను పూర్తిగా కప్పేసే పెద్దది. కిరాయి ఆంప్లిఫయరుకు హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉండదు. వెనక స్పీకరు తీగలు బిగించే మరలు మాత్రం ఉంటాయి. అతను హెడ్‌ఫోన్ పిన్ను కత్తిరించి, తీగల కొనలు బ్లేడుతో గీకి, ఆ మరలకే చుట్టాడు.

చుడుతుంటే చెయ్యి ఒకసారి ఆగింది. మనిషంత డబ్బాలను అదరగొట్టే మరలవి. ఈ హెడ్‌ఫోన్లో ఉన్నది రూపాయి బిళ్లంత స్పీకరు. సౌండు తక్కువ పెడితే ఏమైతదిలే అనుకున్నాడు. ఫోన్‌ను ఇంకో తీగతో ఆంప్లిఫయరుకు కలిపి, ముందు తన చెవికే పెట్టుకుని చూశాడు. పాట శుభ్రంగా వచ్చింది. ధైర్యం చిక్కింది.

విజయను పిలిచి కూర్చోబెట్టి తలకు తొడిగాడు.

"వస్తుందా?"

"కొంచెం పెంచు."

పెంచాడు.

"ఇంకొంచెం."

మళ్లీ పెంచాడు. అప్పుడు ఆమె మొహం మారింది. కళ్లు పెద్దవి చేసి, "గిది మన పిల్లనేనా? ఇంత సన్నగుంటదా దాని గొంతు?" అంది. ఆ మొహం చూసి అతను ఇంకాస్త తిప్పాడు.

సరిగ్గా అప్పుడే పాట ఆగిపోయింది. ఫోన్ తెర మీద స్రవంతి పేరు వెలిగింది. గంట మోగితే ఆ మోత నేరుగా విజయ చెవుల్లోకే పోతుందని దేవదాస్ కంగారుపడ్డాడు. సౌండు తగ్గించాలని తోచలేదు. ఫోన్‌కు పెట్టిన తీగనే పట్టుకుని గుంజాడు.

తీగ కొస ఊడగానే, పెంచిన సౌండు మీదే ఆంప్లిఫయరు గుయ్‌మంది. ఆ రొద హెడ్‌ఫోన్ పెట్టుకోని అతనికి కూడా వినపడింది. విజయ నోరు తెరిచింది, అరుపు రాలేదు. రెండు చేతులతో హెడ్‌ఫోన్ పీకి అవతల పారేసింది. కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. దేవదాస్ స్విచ్చు ఆపాడు. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.

"విజయా! ఏమైంది?"

ఆమె అతని పెదవుల వైపు చూసింది. "గట్టిగ అను."

అతను అరిచాడు.

"గట్టిగ అనుమంటున్న గదా!"

తన చెవి పక్కన తానే చప్పట్లు కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. "ఏం ఇనవడ్తలేదయ్యా. తలకాయల సాంచలు నడుస్తున్నయ్. బందు పెట్టు, బందు పెట్టు!"

బందు పెట్టడానికి ఏమీ మిగల్లేదని ఆమెకు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. ఫోన్ ఎత్తాడు. స్రవంతికి సంగతి చెప్పాడు. ఆ పిల్ల, "చెవుల నూనె గీనె ఏం పొయ్యకు బాపూ. ఇప్పుడే బస్సెక్కుర్రి, నేను దవాఖాన కాడ ఉంట" అంది.

కోరుట్ల బస్టాండులో అతను జగిత్యాల బస్సు కోసం చూస్తూ ఆమె చెయ్యి వదిలాడు. ఒక బస్సు వెనక్కి వస్తోంది. హారన్ మోగింది, కండక్టరు బస్సు రేకు డబడబా బాదాడు, జనం అరిచారు. విజయ ఎటో చూస్తూ అక్కడే నిలబడింది. దేవదాస్ ఉరికి ఆమె రెక్క పట్టి లాగాడు. ఎందుకు లాగాడో ఆమెకు బస్సు వెనక భాగం మొహం ముందు నుంచి పోయాక గాని తెలియలేదు. ఆ తర్వాత ఆమె అతని అంగీ పట్టుకుంది, జగిత్యాల దాకా వదల్లేదు.

బస్సులో ఆమె మాటలకు అందరూ తిరిగి చూశారు. "నేను మొత్తుకుంటున్ననా?" అని అడిగింది. అతను తల ఊపాడు. ఆమె గొంతు తగ్గించుకుంది. కాసేపు కళ్లు మూసుకుని, ఉలిక్కిపడి తెరిచింది.

"కండ్లు మూస్తే నువ్వున్నవో లేవో తెలుస్తలేదు" అంది గుసగుసగా.

దవాఖానలో డాక్టరమ్మ లైటు వేసి రెండు చెవులూ చూసింది. "కర్ణభేరి చినగలేదు. లోపలి నరం దెబ్బతింది. మందులు రాస్తాను."

"మళ్ల ఇనవడ్తది గదా మేడం?"

"ఇప్పుడే చెప్పలేను. కొంత రావచ్చు. రాకపోవచ్చు కూడా."

బయట వరండాలో స్రవంతి తల్లిని పట్టుకుని కూర్చుంది. అలాగే తండ్రి వైపు తిరిగింది.

"అసలు ఎందుకు పెట్టినవ్ బాపూ?"

"నీ పాట ఇనిపిద్దామని."

స్రవంతి మొహం ముడుచుకుపోయింది. "నేను అప్పుడు ఫోన్ చెయ్యకుంటే బాగుండు."

"నువ్వేం జేసినవ్ బిడ్డా. గుంజింది నేను."

ఇంటికొచ్చాక విజయ గోడకు వీపు ఆనించి, వాకిలి కనపడేలా కూర్చోవడం మొదలుపెట్టింది. వెనక ఎవరొచ్చినా తెలియదు కదా. పొయ్యి మీద పాలు పొంగినా, పక్కింటి లచ్చవ్వ తలుపు కొట్టినా తెలియదు. లచ్చవ్వ లోపలికొచ్చి భుజం తడితే కెవ్వుమనేది. దేవదాస్ కిరాయిలు ఒప్పుకోవడం మానేశాడు. పొద్దున్నే ఆమె పొయ్యి ముందు కూర్చున్నప్పుడు వెనక నిలబడి "విజయా" అని పిలిచేవాడు. పిలవనంత సేపే ఆశ ఉండేది. పిలిచాక ఆమె తిరిగేది కాదు.

అలా ఒకరోజు పిలవడానికి గుండె చాలలేదు. దర్వాజా దగ్గర కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు.

చిక్కుడుకాయలు గిల్లుతున్న విజయ, ముందు పడ్డ అతని నీడ చూసి తల ఎత్తకుండానే అంది, "ఏంది, ఇయ్యాల పిలువవా?"

అతను ఆమె ముందుకు వచ్చి కూలబడ్డాడు. "నీకు... ఇనవడ్తున్నదా?"

"నిన్న నువ్వు పిలిచినప్పుడు కుడి దిక్కు కొద్దిగ వచ్చింది. నిజమో, నా తలకాయల మోతనో తెల్వలే. చెప్తే ఉన్నది కూడ పోతదేమోనని భయమైంది."

చిక్కుడు గిన్నె ఆమె ఒళ్లోనే ఉంది. అతను దాని మీదే తల పెట్టి ఏడ్చాడు. ఆమె అతని తల నిమరలేదు. కాసేపయ్యాక, "కాయలు పాడైతయ్, లే" అంది.

ఎడమ చెవి మళ్లీ రాలేదు. కుడి చెవికి వినికిడి మెషీను పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. దాన్ని చెవిలో పెట్టనివ్వడానికి విజయ మొదటిసారి ఒప్పుకోలేదు. డాక్టరమ్మ చెయ్యి దగ్గరికొస్తుంటేనే ఒళ్లంతా బిగుసుకుపోయింది. ఇంకోసారి వస్తామని చెప్పి బయటికొచ్చారు.

రోడ్డు మీద ఆటోలూ బస్సులూ ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. దేవదాస్ అలవాటు కొద్దీ ఆమెకు ఎడమ పక్కన నడిచాడు. విజయ ఆగి, అతని మోచెయ్యి పట్టుకుని కుడి పక్కకు లాక్కుంది.

"గిటు నడువు" అంది. "గటు నడిస్తే నువ్వు ఉన్నట్టే తెలుస్తలేదు."