చారల డబ్బా

ఆదోనిలో పత్తి వ్యాపారానికి పేరున్న ఇంట్లో పుట్టిన గిరిధర్‌కు పత్తి దగ్గరికి పోతే చాలు, తుమ్ములు. తుమ్ములు రాని వ్యాపారం ఏదా అని వెతికి వెతికి చివరికి ఎమ్మిగనూరు రోడ్డులో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, అందులో రెండు మౌల్డింగ్ మిషన్లు. గేటు మీది బోర్డులో మాత్రం పేరు చివర ‘ఇంటర్నేషనల్’ అని ఉంటుంది. అప్పటికి ఆ ఇంటర్నేషనల్ సరుకు పోయిన అత్యంత దూరప్రాంతం పక్కనే ఉన్న హాలహర్వి.

అక్కడ క్వాలిటీ చూసే ఉద్యోగం ముస్రత్‌ది. ప్లాస్టిక్ టెక్నాలజీలో డిప్లొమా చేసింది. హైదరాబాదులో కొంతకాలం పనిచేసి, సొంత ఊళ్లోనే తన చదువుకు పని దొరికిందని సంబరపడి తిరిగొచ్చింది. గిరిధర్ లెక్కలో ఆ పని చాలా తేలిక. ఎవరైనా ఫ్యాక్టరీ చూడటానికి వస్తే తెల్లకోటు వేసుకుని కనిపించాలి. డబ్బాను చేతిలోకి తీసుకుని, వెలుగుకు పట్టి చూసి, గంభీరంగా తల ఊపాలి. అడ్డంగా తప్ప ఎట్లా ఊపినా ఆయనకు అభ్యంతరం లేదు.

ఎమ్మిగనూరులో పెరుగు డెయిరీ నడిపే శేషప్ప, తన పెరుగు చిలకపచ్చ డబ్బాల్లో అమ్ముతానని ఆర్డరిచ్చినప్పటి నుంచి ఆమెకు తల అడ్డంగా ఊపాల్సిన అవసరం మొదలైంది.

ప్లాస్టిక్ గింజల్ని ఆ పనిలో ఉన్నవాళ్లు దానా అంటారు. తెల్లటి దానాకు రంగు పట్టించాలంటే మాస్టర్‌బ్యాచ్ అని రంగు గుళికలు వస్తాయి. వాటిలో రంగును ముందే నలిపి, ఉండలు లేకుండా ప్లాస్టిక్‌లో కలిపి ఉంచుతారు. దానాలో వేస్తే సాఫీగా కలిసిపోతాయి. గిరిధర్‌కు ఆ గుళికలు దండగ ఖర్చుగా కనిపించాయి. రంగు పొడి బస్తాల్లో చవగ్గా దొరుకుతుండగా గుళికలెందుకని, పొడినే డ్రమ్ములో దానాతో కలిపి దొర్లించమన్నాడు.

మిషన్ నడిపే ఖాజా దొర్లించాడు. ఖాజా చేతులు పచ్చబడ్డాయి, చొక్కా పచ్చబడింది, షెడ్డు గోడ పచ్చబడింది. డబ్బా మాత్రం కొన్నిచోట్లే పచ్చబడింది. ఒకపక్క ముదురు చార, ఒకపక్క లేత చార, మధ్యలో ఆవగింజంత ముదురు చుక్కలు.

“పొడి ఉండలు కట్టింది సార్,” అంది ముస్రత్. “ఉండలు విడగొట్టే శక్తి మన మిషన్‌కు లేదు. కరిగించి అచ్చులో పోయడమే దాని పని. గుళికలు తెప్పిచ్చల్ల.”

గిరిధర్ ఆమె మాటను శ్రద్ధగా విని, పత్తికొండ నుంచి వాస్తు ఆయనను పిలిపించాడు.

మిషన్ మూతి దక్షిణానికి ఉండడమే చారలకు కారణమని వాస్తు ఆయన తేల్చాడు. క్రేన్ వచ్చింది. మిషన్ ఉత్తరానికి తిరిగింది. చల్లటి నీళ్ల పైపు అందక కొత్త పైపు వేయాల్సి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి మిషన్ ఆన్ చేస్తే, అవే చారలు ఈసారి ఉత్తరం వైపు నుంచి బయటికి వచ్చాయి.

ఇంకొకడైతే అక్కడితో ఓటమి ఒప్పుకునేవాడు. గిరిధర్ డబ్బాను తిప్పి తిప్పి చూసి, శేషప్పకు ఫోన్ చేశాడు.

“శేషప్పన్నా, నీ కోసం కొత్త డిజైన్ సేయించినాను. మార్బుల్ ఫినిష్ అంటారు. ఒక డబ్బా మాదిరి ఇంగోటి ఉండదు. ఆదోనిలో గాదు, కర్నూల్లో కూడా ఎవురి దగ్గరా ల్యా.”

అది అక్షరాలా నిజం. అట్లాంటి డబ్బాలు చేయాలని ఇంకెవరికీ బుద్ధి పుట్టలేదు. శేషప్పకు డిజైన్ నచ్చింది. డబ్బా మీద ‘చారలు చూసి కొనండి, అసలైన శేషప్ప పెరుగు’ అని స్టిక్కరు కూడా వేయించాడు.

ముస్రత్ ఒక తెల్లగుడ్డను కాస్త నూనెలో తడిపి డబ్బా లోపలి పక్క గట్టిగా తుడిచింది. గుడ్డకు పచ్చ అంటింది. దాన్ని తీసుకుపోయి గిరిధర్ బల్ల మీద పెట్టింది.

“ఇది తినే వస్తువు పోసే డబ్బా సార్. ప్లాస్టిక్‌లో కలవని పొడి పైకి తేలి ఉండాది. ఇది పెరుగులోకి దిగుతాది. అదీగాక ఈ పొడి తిండి డబ్బాలకు పనికొచ్చేదో, గేట్లకు కొట్టేదో ఆ బస్తా మీద యాడా రాసి లేదు.”

“డబ్బాలో పెరుగు తింటారు గానీ, నూనె పోసి గుడ్డ పెట్టి ఎవురు తుడుస్తారమ్మా?” అన్నాడు గిరిధర్ జాలిగా. “నువ్వు శానా చదువుకున్నావు. అదే ఇబ్బంది.”

ముస్రత్ బయటికి వచ్చింది. ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఆ డబ్బాలు ఆగవు, తను మాత్రం ఆగిపోతుంది. ఆ మాట తనకు తానే చెప్పుకుని, అది ధైర్యమో పిరికితనమో తేలకుండానే మళ్లీ పనిలోకి పోయింది.

తేల్చింది మాధవరంలో జరిగిన ఒక పెళ్లి. ఆఖరున పెరుగన్నం వడ్డించేసరికి పెరుగులో పచ్చటి చుక్కలు కనిపించాయి. పెరుగుకు బూజు పట్టిందని ఒకరన్నారు. బంతి మొత్తం లేచింది. పెళ్లికొడుకు మేనమామ శేషప్పకు ఫోన్ చేసి, ఆయన వంశంలో ఎవరినీ వదలకుండా పలకరించాడు.

మర్నాడు పొద్దున్నే శేషప్ప ఆటో నిండా డబ్బాలు వేసుకుని వచ్చి, షెడ్డు ముందర కుమ్మరించాడు.

“ఏంది గిరిధరా ఇది? నా పెరుగులో ఈ పచ్చ ఏంది?”

గిరిధర్ ఒక డబ్బాలోకి తొంగి చూశాడు. “కొత్తిమీర ఏమోన్నా. వంటోళ్లు ఏసింటారు.”

“సీలు తియ్యని డబ్బాలో కొత్తిమీర యాడ్నించి వస్తాది? నేనేమన్నా డబ్బాల్లో తోట పెట్టినానా?”

గిరిధర్ ముస్రత్ వైపు చూశాడు. తెల్లకోటు వేసుకుని తల ఊపాల్సిన సందర్భం ఇదేనని ఆ చూపు అర్థం. ముస్రత్ శేషప్ప వైపు తిరిగింది.

“అది బూజు గాదన్నా, డబ్బా రంగు. నీ పెరుగు తప్పేం లేదు. ఈ డబ్బాలు ఒక్కటి గూడా అంగళ్లలో ఉంచొద్దు, అన్నీ ఎనక్కి తెప్పిచ్చు.”

గిరిధర్ మొహం డబ్బా రంగుకు దగ్గరగా వచ్చింది. శేషప్ప మాత్రం ఆమె వైపు చూసి, “ఈ మాట సెప్పేటోళ్లు ఒకరన్నా ఉన్నారు ఈడ,” అని, కొత్త డబ్బాలు వచ్చేదాకా ఇంకొకరి దగ్గరికి పోనని మాటిచ్చాడు. అంత దగ్గర్లో ఇంకొకరు లేరన్నది వేరే సంగతి.

డబ్బాలన్నీ వెనక్కి వచ్చాయి. గిరిధర్ గుళికలకు ఒప్పుకున్నాడు. ముస్రత్ తనే ఫోన్ చేసి, తిండి డబ్బాలకు పనికొచ్చే చిలకపచ్చ మాస్టర్‌బ్యాచ్ తెప్పించింది. మొదటి డబ్బా అచ్చులోంచి రాలేసరికి అందరూ గుమిగూడారు. ఖాజా డబ్బాను అందుకుని ముస్రత్ చేతికిచ్చాడు.

చుక్కల్లేవు. చారలు మాత్రం మునుపటికంటే అందంగా ఉన్నాయి.

గిరిధర్ మొహంలో ఎన్నాళ్లకో వెలుగు వచ్చింది. “చదువుకున్న చారలమ్మా ఇవి,” అన్నాడు.

ముస్రత్‌కు చెవులు వేడెక్కాయి. రెండు రోజులు గుళికల బస్తా చుట్టూ తిరిగాక తన తప్పు తెలిసింది. ఫోన్లో రంగు చెప్పింది, తిండి డబ్బాలని చెప్పింది, డబ్బా ఏ ప్లాస్టిక్‌తో చేస్తారో చెప్పలేదు. వాళ్లు సంచులు చేసే ప్లాస్టిక్‌తో తయారైన గుళికలు పంపారు. ఆ ప్లాస్టిక్‌కూ ఈ దానాకూ పొత్తు కుదరదు. ఆ మాట గిరిధర్‌కు తనే పోయి చెప్పింది. ఆయన అంతా విని, “పర్వాలేదు, తప్పులు మనుషులే చేస్తారు,” అన్నాడు. తను మనిషి కోవలోకి రానట్టు.

సరైన గుళికలు వచ్చాయి. ఈసారి ఆమె ఖాజా పక్కనే నిలబడింది. త్వరగా ఎక్కువ డబ్బాలు రావాలని గిరిధర్ మిషన్‌ను పరుగు పెట్టించి ఉన్నాడు. అంత వేగంలో లోపల స్క్రూలా తిరిగే మరకు కరిగిన ప్లాస్టిక్‌ను కలిపే తీరిక లేదు. ఖాజా వేగం తగ్గించి, మర వెనక ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచాడు. చార పలచబడింది, అంచుకు పోయింది, తర్వాత కనిపించలేదు. ముస్రత్ డబ్బాను వాకిట్లో ఎండకు పట్టింది. అడుగు నుంచి అంచుదాకా ఒకే పచ్చ. నూనెగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉంది.

“వచ్చింది ఖాజా భాయ్,” అంది. ఒక పెరుగు డబ్బా చూసి కళ్లు చెమర్చడం ఎవరికైనా చెప్పుకునే విషయం కాదని, గబగబా లోపలికి పోయి ముఖం కడుక్కుంది.

కొత్త డబ్బాలు ఎమ్మిగనూరు అంగళ్లకు చేరాయి. వారం తిరక్కుండానే శేషప్ప ఫోన్.

“గిరిధరా, సరుకు కదలడం ల్యా. బస్టాండు కాడ జనం డబ్బా తిప్పి తిప్పి సూసి, చారలు ల్యావు, ఇది డూప్లికేట్ అని ఆడనే పెట్టి పోతాండారు. చారలు సూసి కొనమని మనమే సెప్తిమి గదా.”

గిరిధర్ ముస్రత్‌ను పిలిచాడు. పిలుపులో ఎన్నడూ లేని మర్యాద ఉంది.

“ముస్రత్, నువ్వేమీ అనుకోవద్దు. రోంత చెడగొట్టాలమ్మా.”

ఆమె కోపంతో ఏదో అనబోయి, కుర్చీలో కూర్చుంది. ఆయన ఎదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

“డబ్బాలో చారలు పెట్టను సార్. కావాలంటే మూతకు పెడతాను. అది గూడా ఈ గుళికల్తోనే. పొడి బస్తా ఈ షెడ్డులోకి మళ్లా వచ్చిందంటే శేషప్పన్నకు నేనే ఫోన్ చేస్తాను.”

గిరిధర్ పైకి, కిందికి చూశాడు. వాస్తు ఆయన గుర్తొచ్చాడో, మాధవరం మేనమామ గుర్తొచ్చాడో, సరేనన్నాడు.

బాగా కలపడం కంటే సరిగ్గా కలపకుండా ఉండటమే కష్టమని అప్పుడు తెలిసింది. ఒత్తిడి తగ్గిస్తే మూత సగం పచ్చగా, సగం తెల్లగా వచ్చేది. కాస్త పెంచితే చార మాయమయ్యేది. “ఇన్నాళ్లూ వద్దన్నా వస్తాండె, ఇప్పుడు బతిమాలినా రాదే,” అన్నాడు ఖాజా. పది రకాలుగా తిప్పి చూశాక మూత మీద సన్నటి చారలు నిలిచాయి. మూతలన్నీ ముందరేసుకుని చూసిన గిరిధర్‌కు ఒక్కటే లోపం కనిపించింది. “బాగుండాయి గానీ, అన్నిటికీ ఒకే మాదిరి రావల్ల గదమ్మా?”

అమ్మకాలు లేచాయి. ఎవరైనా ఫ్యాక్టరీ చూడటానికి వస్తే, గిరిధర్ ఇప్పుడు ఆమెను “మా డిజైన్ అంతా ఈమెదే” అని పరిచయం చేస్తున్నాడు.

ఆదివారం ముస్రత్ ఒక పెరుగు డబ్బా ఇంటికి తెచ్చింది. వాళ్లమ్మ ఫాతిమున్నీసా పెరుగు గిన్నెలోకి వంపి, చింతపండు పెట్టుకోవడానికి బాగుంటుందని డబ్బాను కడగడానికి కూర్చుంది. డబ్బా ఒక్క నిమిషంలో అయిపోయింది. మూత దగ్గర ఆగి, పీచుతో మళ్లీ మళ్లీ రుద్దింది.

“ఈ గీతలు పోవేమే?”

“పోవు అమ్మీ,” అంది ముస్రత్, పెరుగులో చక్కెర కలుపుకుంటూ. “వాటికోసం శానా కష్టపడినాను.”