పొడుగు మాట బరువు

"తొలిమంచు పడేలోగా ప్రతి ట్రామ్‌లోనూ హీటర్ పెట్టిస్తాను. ఇది నా మాట."

డిపో అధికారి ఆర్సేనీ లుకిచ్ సెప్టెంబరులో క్యాంటీన్‌లో ఈ మాట ఇచ్చాడు. తొలిమంచు పడింది, కరిగింది, మళ్ళీ పడింది. గడ్డకట్టిన బండి నడిపి నడిపి డ్రైవరు తయిసియాకు నిమ్ము చేసింది.

రష్యన్‌లో మనిషి గుణం చెప్పే మాటకు రెండు రూపాలు. పొట్టిది ఇవాళ్టి సంగతి చెబుతుంది: జబ్బు పడింది, లేస్తుంది. పొడుగుది మనిషినే తేల్చేస్తుంది: రోగిష్టి మనిషి, అంతే. ఆ ఊళ్ళో పొట్టి మాట ఆవిరైపోయేది. పొడుగు మాట తడిసిన కంబళిలా భుజాలెక్కి కూర్చునేది. అన్నవాళ్ళే మళ్ళీ పొట్టిగా అంటే తప్ప దిగేది కాదు. పొట్టివి పుస్తకాలకే బాగుంటాయంటూ జనం బద్ధకంగా ఒకరికొకరు కంబళ్ళు కప్పుకుంటూ బతికేవారు.

లుకిచ్‌కు మాత్రం బద్ధకం లేదు. తనకెప్పుడూ పొట్టిదే ఏరుకునేవాడు.

తయిసియాకు బండి తిరిగి ఇవ్వాలా వద్దా అని డిసెంబరు మొదటి సోమవారం క్యాంటీన్‌లో సభ పెట్టారు. యూనివర్సిటీలో చదువుతున్న ఆమె కూతురు ఉస్తీన్య నాలుక చివర నినాదాలు పెట్టుకుని వచ్చింది. లుకిచ్ టీ చప్పరిస్తూ, హీటర్ల విషయంలో తాను దోషినేనని పొట్టిగా ఒప్పుకున్నాడు. ఆ మాట గ్లాసు ఆవిరిలో కలిసిపోయింది. తర్వాత తయిసియా మీద రోగిష్టి మనిషి అన్న పొడుగు మాట వేశాడు. ఆమె నడుం వంగిపోయింది. ఆ కంబళి ఉన్నవాళ్ళకు బండి ఇవ్వరు. తోటి డ్రైవర్లు క్యాబేజీ సూప్‌లో ముఖాలు దాచుకున్నారు.

వాళ్ళను చూసి ఉస్తీన్య లుకిచ్ బల్ల ముందుకు నడిచింది. నినాదాలు పక్కన పెట్టింది.

"ఇందాక మీ గురించి మీరేమన్నారు, ఆర్సేనీ లుకిచ్?"

"అన్నానుగా తల్లీ, దోషినేనని."

"సగమే అన్నారు. మిగతాది నేనంటాను."

దోషి మనిషి, అంతే అని అదే మాట పొడుగు చేసి అంది. కంబళి ఆయన భుజాలెక్కింది. ఆయన నవ్వుతూ దులుపుకున్నాడు, రాలలేదు. ముసలి కండక్టరు ఫెలిత్సాతా సూప్ గిన్నె పక్కకు నెట్టి తనూ అంది, ఆపైన ఆమె పక్కామె. వచ్చే నెల నగర పాలక కార్యాలయంలో పెద్ద కుర్చీ ఎక్కాల్సిన లుకిచ్ గడ్డం బల్లకు ఆనింది.

"తియ్యండమ్మా. ఈ భుజాలతో వెళితే నన్నక్కడ గుమ్మం తొక్కనివ్వరు."

"ముందు మా అమ్మ మీది మీరు తియ్యండి. హీటర్లు పెట్టించండి."

ఆలోచించి చెబుతానన్నాడు. సెప్టెంబరు నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాడు. ఉస్తీన్య వంటల పేర్లు రాసే గోడ పలక మీద సూప్ పేరు చెరిపి సుద్దముక్కతో రాసింది: జవాబు డిసెంబరు పదిహేను లోపల.