మాఫీకి రెండేళ్ల ముందు

మా ఆవిడ కోరిన్ ఆఫీసులో ఒక వింత అలవాటుంది. వాళ్లంతా కౌంటీ, అంటే జిల్లా సర్కారు, జీతం మీద, లాయర్ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించేవాళ్లు. లా చదవడానికి చేసిన అప్పు ఒక్కొక్కరికీ తలకు మించి ఉంది. పదేళ్లు ఇలాంటి ప్రభుత్వ కొలువులో ఉండి నెలనెలా కడితే మిగతాది మాఫీ. అందుకని పొద్దున్నే "ఇంకెన్నాళ్లు?" అని పలకరించుకుంటారు. మాఫీ అయినవాడికి అందరూ కలిసి కేకు కోస్తారు. కేకు తిన్న మహానుభావుడు నెల తిరక్కుండా ఒమాహా నగరంలో ఏదో పెద్ద లా కంపెనీలో తేలతాడు.

కోరిన్‌కి ఇంకా రెండేళ్లున్నాయి. ఇంతలో వాళ్ల మేనత్త వెర్నా పోతూ పోతూ దీని పేర కొంత డబ్బు రాసింది. సరిగ్గా అప్పుకి సరిపోయేంత.

"రస్, కట్టేస్తాను," అంది ఆదివారం పొద్దున, పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తూ.

"మతి పోయిందా నీకు? రెండేళ్లు కళ్లు మూసుకుంటే సర్కారువాళ్లే కొట్టేస్తారు కదే!"

"వాళ్లు మనసు మార్చుకుంటే?"

"అప్పుడే కడదాం. డబ్బుకేమైనా కాళ్లొస్తాయా? ముందు కారుతున్న ఇంటి పైకప్పు మార్పించుకుందాం."

నేను ప్లంబర్ని. నీళ్లెక్కడ కారినా నాకు నిద్ర పట్టదు. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కోరిన్ మాత్రం తొణకలేదు.

"మొన్న జైల్లో నా క్లయింటు డోరిస్ గారిని చూడ్డానికెళ్లా. చెల్లని చెక్కుల కేసు. ఆవిడ కేసు మధ్యలో ఇప్పటికే ఇద్దరు కేకు తిని వెళ్లిపోయారు. 'అమ్మా, నీకింకెన్నాళ్లు?' అని అడిగింది. నా నోట్లోంచి టక్కున 'రెండేళ్లండీ' అని వచ్చేసింది. ఆవిడ అయ్యో పాపం అంది, రస్! కటకటాల వెనకున్న మనిషి నా మీద జాలిపడింది. సిగ్గుతో చచ్చిపోయాను."

ఇదింత విసిగిపోయిందని నాకేం తెలుసు? సరేలే, అప్పు తీరితే ఈ వెట్టిచాకిరీ మానేస్తుంది, ఒమాహాలో రెట్టింపు జీతం తెస్తుంది, పైకప్పు అప్పుడే మార్పిద్దాం అనుకున్నా. "నీ డబ్బు, నీ ఇష్టం," అన్నా. శుక్రవారానికల్లా మొత్తం కట్టేసింది.

సోమవారం హాయిగా పడుకుంటుందనుకుంటే, నేను లేచేసరికి కారు లేదు. రాజీనామా ఇవ్వడానికెళ్లిందనుకుని, మంచి మాంసం తెచ్చి కాల్చడానికి సిద్ధంగా పెట్టా. ఎప్పట్లాగే చీకటి పడ్డాక వచ్చింది, చంకలో ఫైళ్ల కట్టతో.

"ఇచ్చేశావా?"

"ఏంటి?"

"రాజీనామా!"

"నేనెందుకిస్తాను?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఓసి నీ దుంపతెగ! ఉండేదానివే అయితే ఊరికే పోయే అప్పు ఎందుకు కట్టావే?"

అది బూట్లు విప్పుకుని, పాదాలు నొక్కుకుంటూ నా వైపు చూసి నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో!

"అప్పు కోసం వెళ్తున్నానో, ఇష్టమయ్యే వెళ్తున్నానో ఎనిమిదేళ్లుగా నాకే తెలీలేదు, రస్. ఇవాళ ఆఫీసు గుమ్మం ముందు కాసేపు ఆగి చూశా. ఎవరూ తొయ్యట్లేదు, ఎవరూ ఆపట్లేదు. నా కాళ్లు లోపలికే వెళ్లాయి."